ముత్తాతగారి ఆల్బమ్‌లోని ‘టర్కీ అంతఃపురం’ ఫొటోలు: అసలువేనా?

మీరడిగింది క్లుప్తంగా ఇదీ. తాతగారింట్లో అటక మీది రేకుపెట్టెలో తోలు అట్టల ఆల్బమ్ ఒకటి దొరికింది. ముత్తాతగారు 1890లలో బారిస్టరీ చదవడానికి ఇంగ్లండు వెళ్తూ, ఓడ పోర్ట్ సయీద్‌లో బొగ్గు ఎక్కించుకోవడానికి ఆగినప్పుడు కొన్నారని ఇంట్లో అనుకుంటారు. మొత్తం 22 ఫొటోలు. పిరమిడ్లు, సూయజ్ కాలువ, జెరూసలెం గోడలు సరే. ఆరేడింటిలో మాత్రం దిండ్లకు ఆనుకుని, హుక్కా గొట్టం పట్టుకున్న ఆడవాళ్ళు. అవి నిజంగా రాణివాసంలో తీసినవా, తీసిందెవరు, వాటిని పాడవకుండా దాచడం ఎలా, అమ్మితే ఎంతొస్తుంది అని మీ ప్రశ్నలు.

ప్రింట్లు అసలువే. అంతఃపురమే అసలుది కాదు.

ఇప్పుడు వివరంగా చెప్తాను. సికింద్రాబాద్‌లో ముప్పై ఏళ్ళుగా ఫొటోల పనే నాది. మొదట డార్క్‌రూమ్, తర్వాత పాత ప్రింట్లు బాగుచేయడం. ఇలాంటి ఆల్బమ్‌లు నా బల్ల మీదికి చాలానే వచ్చాయి. ఏది వచ్చినా మొదట మనిషి ముఖం చూడను, గదిలోని సామాను చూస్తాను. మీరు పెట్టిన స్కాన్లలో 9, 14 నంబర్ల ఫొటోలు పక్కపక్కన పెట్టుకోండి. తొమ్మిదో దాంట్లో ‘టర్కీ స్త్రీ’ అని ఫ్రెంచిలో ఉంది. పద్నాలుగో దాంట్లో ‘బెత్లెహేమ్ స్త్రీ’. ఒకరు పట్టు పైజామాలో ఉన్నారు, ఇంకొకరు కుట్టుపని చేసిన ముతక గౌను వేసుకుని భుజాన కుండ పెట్టుకున్నారు. ఇప్పుడు వాళ్ళ పక్కనున్న ముత్యపుచిప్ప చెక్కిన ఎనిమిది పలకల స్టూలు చూడండి. పై అంచున ఎడమవైపు ఒక చిప్ప ముక్క ఊడిపోయి నల్లటి గుంట ఉంది. రెండిట్లోనూ అదే గుంట, అదే చోట. వెనక తెర మడత కూడా అదే. ఇక ముఖానికి రండి. ‘ఇద్దరూ ఒకరేనేమో’ అని మీకొచ్చిన అనుమానం సరైనదే. కుడి కనుబొమ చివర తెగి ఉంది చూశారా? టర్కీ ఆవిడకీ బెత్లెహేమ్ ఆవిడకీ ఒకే కనుబొమ ఒకే చోట తెగదు కదా.

తొమ్మిదో ఫొటోలోనే ఇంకోటి. ఆవిడ వెనక, తివాచీ అంచు దగ్గర నల్లగా అరచెయ్యంత వంపు కనిపిస్తోంది. చాలామంది దాన్ని కుర్చీ కాలనుకుంటారు. అది మెడ స్టాండు అడుగు. బరువైన ఇనప దిమ్మ, దాని మీద నిలువు కడ్డీ, కడ్డీ చివర మెడ వెనక పట్టుకునే కొక్కెం. ఆ రోజుల్లో లోపల తీసే ఫొటోకి కొన్ని సెకన్లు కదలకుండా ఉండాల్సి వచ్చేది. ఇలాంటి ఫొటోల్లో అందరూ దిండ్లకు ఆనుకునో, దేనికో చేతులు ఆనించో కనిపించడానికి సగం కారణం ‘తూర్పు దేశాల బద్ధకం’ గురించి కొనేవాళ్ళకున్న ఊహ. మిగతా సగం శుద్ధ సాంకేతికం: ఆనుకున్న మనిషి కదలదు.

ఆ పద్ధతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఫొటో ఎక్కడ తీయగలరో, ఎక్కడ తీయలేరో అదే తేల్చింది. గాజు పలక మీద కలోడియన్ అనే జిగురు ద్రవం పోసి, పలకను నాలుగు మూలలకూ ఒరిగించి ద్రవాన్ని సమంగా పరిచి, చీకట్లో సిల్వర్ నైట్రేట్ తొట్టిలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి తీసి, తడి ఆరకముందే కడగాలి. అంతా కలిపి పది పదిహేను నిమిషాల పని. ఎండాకాలంలో అంతసేపూ ఉండదు. అంటే కెమెరా ఎక్కడుంటే చీకటి గది అక్కడే ఉండాలి. బయటికెళితే గుడారం, సీసాలు, నీళ్ళు, పదుల కొద్దీ గాజు పలకలు, మోసేవాళ్ళు. ఈ సరంజామాతో పరాయి మగవాడొకడు ఒకరి జనానాలోకి అడుగుపెట్టడం ఊహించుకోండి. పరదా పాటించే ఇంటి ఆడవాళ్ళు, షాపులో అమ్మే ఫొటో కోసం ముసుగు తీసి కూర్చోరు. కాబట్టి డబ్బిచ్చి స్టూడియోకి పిలిపించిన మనుషులూ, స్టూడియో బీరువాలోని బట్టలూ, స్టూడియో స్టూలూ. బట్టల్లో చాలావరకు నిజమైనవే, ఆ కుట్టుపని నిజమే. అబద్ధమల్లా కింద రాసిన పేరు.

ఆ పేరు రాసే తీరు కూడా భూతద్దంలో చూడదగ్గది. మీ ప్రింట్ల అడుగున నంబరు, ఫ్రెంచి పేరు, ‘బోన్‌ఫిస్’ సంతకం తెల్లగా ఉన్నాయి. నెగటివ్ మీద వెలుతురు దూరని సిరాతో రాస్తే ప్రింట్‌లో తెల్లగా వస్తుంది. రసాయనం పూత ఉన్న వైపు రాయాలంటే అక్షరాలు అద్దంలోలా తిరగేసి రాయాలి. అందుకే కొన్ని అక్షరాలు చిన్నపిల్లల రాతలా వంకరపోతాయి. ఆ నంబరు కేటలాగు నంబరు. యాత్రికుడు షాపుకొచ్చి కేటలాగు తిరగేసి ‘ఇదీ, ఇదీ, ఇదీ’ అని చెప్తే, ప్రింట్లు తీసి ఇచ్చేవారు. కావాలంటే ఆల్బమ్‌లో అతికించి కూడా.

ఇక తీసినవాళ్ళ సంగతి. ఫెలిక్స్ బోన్‌ఫిస్ 1831లో దక్షిణ ఫ్రాన్స్‌లో పుట్టాడు. వృత్తి పుస్తకాలు బైండు చేయడం. 1860లో లెబనాన్ వెళ్ళిన ఫ్రెంచి సైన్యంతో మొదటిసారి ఆ దేశం చూశాడు. 1867లో భార్య లిడీని, కొడుకు ఆద్రియెన్‌ని వెంటబెట్టుకుని బేరూత్‌లో స్టూడియో పెట్టాడు. నాలుగేళ్ళు తిరిగేసరికి, 1871లో, తన దగ్గర ఈజిప్టు, పాలస్తీనా, సిరియా, గ్రీసులవి 591 నెగటివ్‌లు, 15,000 ప్రింట్లు, 9,000 స్టీరియో చిత్రాలు (జంట బొమ్మలు, ప్రత్యేక అద్దాల్లోంచి చూస్తే లోతు కనిపిస్తుంది) ఉన్నాయని పారిస్‌లోని ఫొటోగ్రఫీ సంఘానికి రాశాడు. నాలుగేళ్ళలో! దీన్ని కళాకారుడి సరుకు అనడం కంటే దుకాణదారు సరుకు అనడమే న్యాయం. అందులో తప్పేమీ లేదు. 1869లో సూయజ్ కాలువ తెరిచారు, అదే ఏడాది ఇంగ్లండులో యాత్రల వ్యాపారి థామస్ కుక్ తన మొదటి బృందాన్ని ఈజిప్టు, పాలస్తీనాలకు తీసుకెళ్ళాడు. చేతిలో పట్టే కొడాక్ కెమెరా 1888 దాకా రాలేదు. మధ్యలో ఆ ఇరవై ఏళ్ళు, యాత్ర చేసొచ్చిన మనిషి ఇంటికి తెచ్చుకోగలిగింది కొన్న ఫొటోనే.

1870ల చివర్లో ఫెలిక్స్ ఫ్రాన్స్‌లో అలెస్ అనే ఊరికి తిరిగి వెళ్ళాడు, 1885లో పోయాడు. బేరూత్ షాపు మాత్రం ఆగలేదు. నడిపింది లిడీ, ఆద్రియెన్. మీ ముత్తాతగారు కొన్న నాటికి ఫెలిక్స్ పోయి అయిదేళ్ళు దాటింది. సంతకంలో ‘బోన్‌ఫిస్’ చూసి అందరూ మగాడి పేరు రాసేస్తారు. ఆడవాళ్ళ ఫొటోల్లో చాలావాటికి కెమెరా వెనక ఉన్నది లిడీ అయి ఉండడానికే అవకాశం ఎక్కువని ఈ స్టూడియో మీద పనిచేసినవాళ్ళు చెప్తారు. ఆడ మోడళ్ళు ఆవిడ ముందైతే తేలిగ్గా కూర్చునేవాళ్ళు. ఏ ప్రింట్ ఎవరిదో విడిగా సంతకం లేదు కాబట్టి మీ తొమ్మిదో నంబరు ఆవిడదేనని నేను ముద్ర వేయను. కానీ ఆల్బమ్ పక్కన కాగితం పెట్టేటప్పుడు ‘ఫెలిక్స్’ అని రాయకండి, ‘బోన్‌ఫిస్ స్టూడియో, బేరూత్’ అని రాయండి. ఆద్రియెన్ తర్వాత ఫొటోలు మానేసి కొండ మీద హోటలు పెట్టుకున్నాడు. లిడీ మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో బేరూత్ వదిలి వెళ్ళాల్సి వచ్చింది, 1918లో కైరోలో చనిపోయింది.

అటక అంటే గుర్తొచ్చింది. 1970 అక్టోబరులో అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక భవనంలో బాంబు పేలింది. నష్టం చూడ్డానికి అటకెక్కినవాళ్ళకి, అందరూ మరిచిపోయిన పెట్టెల్లో మధ్యప్రాచ్యం ఫొటోలు సుమారు 28,000 కనిపించాయి. బోన్‌ఫిస్ ప్రింట్లు వందల కొద్దీ వాటిలోనే ఉన్నాయి. ఈ స్టూడియో గురించి జనం మళ్ళీ మాట్లాడుకోవడానికి ఆ అటకే కారణం. మీ అటకని తక్కువగా చూడకండి.

మీ ఆల్బమ్‌లో అన్నీ బోన్‌ఫిస్‌వి కావు. కాలువ ఫొటోలు మూడింటి మీద ‘జంగాకి’ అని ఉంది. పోర్ట్ సయీద్‌లో పనిచేసిన గ్రీకు అన్నదమ్ములు వాళ్ళు. వీధి దృశ్యం ఒకటి ‘లెకెజియాన్’ది. కైరోలో ఆర్మేనియన్, బ్రిటిష్ సైన్యానికి ఫొటోగ్రాఫర్నని అట్టల వెనక అచ్చు వేయించుకునేవాడు. ఈ పేర్లు ఎందుకు చెప్తున్నానంటే, ‘తెల్లవాళ్ళు వచ్చి తూర్పువాళ్ళని ఇలా చూపించారు’ అని ఒక్క ముక్కలో తేల్చేయడం ఈమధ్య ఎక్కువైంది. చాలావరకు నిజమే. కానీ షాపులు నడిపినవాళ్ళలో ఆర్మేనియన్లు, గ్రీకులు, ఇస్తాంబుల్‌లోనే పుట్టి పెరిగినవాళ్ళు బోలెడుమంది. ఏం అమ్ముడవుతుందో వాళ్ళకి బాగా తెలుసు.

దీనికి పాస్కల్ సెబాని మించిన ఉదాహరణ లేదు. 1857లో ఇస్తాంబుల్‌లో స్టూడియో తెరిచాడు, 1873లో కైరోలో శాఖ పెట్టాడు. హుక్కాలు, దిండ్లు, ముసుగులు దండిగా అమ్మాడు. అదే 1873లో వియన్నా ప్రపంచ ప్రదర్శన కోసం ఒట్టోమాన్ (అప్పటి టర్కీ) ప్రభుత్వం తమ రాజ్యంలోని దుస్తులన్నిటితో ఒక పుస్తకం వేయించింది. రూపకర్తల్లో ముఖ్యుడు చిత్రకారుడు ఉస్మాన్ హమ్దీ, ఫొటోలు సెబావి, 74 ప్లేట్లు. రైతు, గుమాస్తా, పెళ్ళికూతురు, మతగురువు అందరూ నిటారుగా, మర్యాదగా నిలబడి ఉంటారు. దిండ్లు లేవు. మనుషులు మాత్రం ఎక్కువగా ఇస్తాంబుల్ స్టూడియోకొచ్చి, దూరపు జిల్లాల బట్టలు కట్టుకున్న మోడళ్ళే. ఒకే కెమెరా, ఒకే గది, కొనేవాడు మారాడు. కొనేవాడితోపాటు మనిషి కూర్చునే తీరూ మారింది.

ఆ తర్వాత ఒట్టోమాన్ సుల్తాన్ రెండో అబ్దుల్ హమీద్ ఇంకో అడుగు ముందుకేశాడు. 51 ఆల్బమ్‌లు, 1,800 పైచిలుకు ఫొటోలు చేయించి అమెరికాకు కానుకగా పంపాడు. లండన్‌కీ అలాంటి సెట్టే వెళ్ళింది. వాటిలో బళ్ళు, ఆసుపత్రులు, అగ్నిమాపక దళం, పుస్తకాలు పట్టుకుని నిలబడ్డ ఆడపిల్లలు. చాలావాటి వెనక ఆర్మేనియన్ అన్నదమ్ముల ‘అబ్దుల్లా ఫ్రేర్’ స్టూడియో ఉంది. యాత్రికులకి అమ్మే సరుకూ వాళ్ళ షాపులో ఉండేది. నా మటుకు ఈ ఆల్బమ్‌లు కూడా ప్రచారమే, ఒప్పుకోవాలి. కానీ మీ తొమ్మిదో నంబరు పక్కన ఆ బడిపిల్లల ఫొటో ఒకటి పెట్టి చూడండి. అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం వాటిని నెట్‌లో ఉచితంగా పెట్టింది.

అసలు తూర్పుకి వెళ్ళకుండానే ఇవి తీసినవాళ్ళున్నారు. క్రిమియా యుద్ధాన్ని 1855లో ఫొటోలు తీసిన రోజర్ ఫెంటన్, 1858లో లండన్‌లోని తన స్టూడియోలో మిత్రులకి తలపాగాలు చుట్టి ‘పాషా’ (టర్కీ పెద్ద అధికారి) చిత్రాలు తీశాడు. ఒకదాంట్లో నాట్యకత్తె చేతులు పైకెత్తి నిలబడి ఉంటుంది. అన్ని సెకన్లు అలా ఎత్తి ఉంచలేరు కాబట్టి మణికట్లకి పైనుంచి తీగలు కట్టారు. జాగ్రత్తగా చూస్తే ఆ తీగలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ ఫొటో పేరులో నాట్యకత్తెని ‘బయదేర్’ అన్నాడు. పోర్చుగీసులో నర్తకి అనే మాట నుంచి వచ్చిన ఆ పదాన్ని యూరపువాళ్ళు మన గుడి నర్తకులకి, దేవదాసీలకి వాడేవారు. 1838లో పాండిచ్చేరి దగ్గరి తిరువేందిపురం దేవదాసీలు పారిస్ వెళ్ళి ఆడినప్పుడు పత్రికలన్నీ ఆ మాటే రాశాయి. అంటే దక్షిణ భారతపు నర్తకి పేరు, టర్కీ పాషా, లండన్ గది. అన్నీ ఒకే ఫ్రేములో!

మన దగ్గర ఏముందని కూడా అడిగారు. దీనికి నేరుగా బదులనదగ్గది హైదరాబాద్‌లోనే ఉంది. మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, ఇండోర్‌లో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి, ఫొటోల్లోకి వచ్చిన లాలా దీన్‌దయాళ్, సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యాడు. 1892లో ఆయన పరదా స్త్రీల కోసమే హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచాడు. చుట్టూ ఎత్తయిన గోడలు, లోపల పనివాళ్ళంతా ఆడవాళ్ళే, కెమెరా బాధ్యత మిసెస్ కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల మహిళది. మీ ముత్తాతగారు పోర్ట్ సయీద్‌లో ‘అంతఃపుర స్త్రీ’ని కొంటున్న కాలంలోనే, ఇక్కడ నిజమైన దేవిడీల (నవాబుల భవనాల) ఆడవాళ్ళు తమ ఇంటివాళ్ళ కోసం తమ బట్టల్లో ఫొటోలు తీయించుకున్నారు. అవి కేటలాగులోకి ఎక్కే సరుకు కాదు. అందుకే అమ్ముడైన అంతఃపురమే లోకమంతా కనిపిస్తుంది, అమ్మకానికి పెట్టనిది కనిపించదు. ఇది నాకు చాలాకాలంగా గుచ్చుకునే విషయం.

ఇక పనిలోకి వద్దాం. ముందు ఏ రకం ప్రింటో తేల్చుకోండి. ముప్పై రెట్లు పెద్దది చేసి చూపే చిన్న లూపు ఆన్‌లైన్‌లో రెండు మూడు వందలకి వస్తుంది. తెల్లటి చోట్ల, అంటే ఆకాశం దగ్గర పెట్టి చూడండి. మెరుపు పొర కిందుగా కాగితపు నార కనిపిస్తే అది ఆల్బుమెన్ ప్రింట్, అంటే కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితం. నార అస్సలు కనిపించకుండా సున్నంలాంటి నున్నటి తెలుపుంటే తర్వాతి కాలపు జెలటిన్ లేదా కలోడియన్ కాగితం. చుక్కలు కనిపిస్తే అచ్చువేసిన బొమ్మ. మీ స్కాన్లలో తెల్లటి చోట్ల పసుపు తిరగడం, నీడల్లో ఊదా-గోధుమ రంగు చూస్తే ఇరవై దాకా ఆల్బుమెనే అనిపిస్తోంది. ఆ పసుపు గుడ్డుది. ఎన్ని గుడ్లో తెలిస్తే నవ్వొస్తుంది: 480 షీట్ల రీముకి 27 డజన్ల గుడ్లు, డ్రెస్డెన్‌లోని ఒక్క ఫ్యాక్టరీయే 1888లో 60 లక్షలకు పైగా గుడ్లు వాడింది. సొన కాగితానికి పోయింది సరే, అన్ని పచ్చసొనలు ఏం చేసుంటారో అని నా డౌటు.

తుడవకండి. దయచేసి తుడవకండి. ఈ పనిలోకి వచ్చిన రెండో ఏడు, దుమ్ము పోతుంది కదా అని ఒక ఆల్బుమెన్ ప్రింట్‌ని తడి దూదితో సుతారంగా రుద్దాను. తడికి కింద కాగితమూ, పైన గుడ్డుపొరా ఒకేలా ఉబ్బవు, ఒకేలా ఆరవు. ఆరాక ముఖమంతా ఎండిన చెరువు అడుగులా సన్నటి పగుళ్ళు. ఆ పెద్దావిడ బుగ్గ ఇప్పటికీ కళ్ళ ముందుంది. దుమ్ముంటే మెత్తటి పొడి బ్రష్షుతో, ఒకే వైపుకి, అంతే. లామినేషన్, సెలోటేపు, ఫెవికాల్ ఏవీ వద్దు. ఫొటోలు ఆల్బమ్ అట్టల నుంచి ఊడదీయొద్దు, ఆ వరస కూడా మీ ముత్తాతగారి ఎంపికే. పేజీల మధ్య ఆమ్లం లేని పల్చటి కాగితం పెట్టండి, న్యూస్‌పేపరు కాదు. రేకుపెట్టె బదులు అట్టపెట్టె, అటక బదులు పడగ్గదిలో లోపలి గోడకి ఆనిన బీరువా. మీది కాకినాడ అన్నారు. సముద్రపు గాలి తేమ కాబట్టి పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి, నెలకోసారి మార్చండి. ఫ్రేము కట్టించి గోడకి పెట్టాలనిపిస్తే మంచి కాపీ తీయించి దాన్నే పెట్టండి. ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద ఆల్బమ్ బోర్లించొద్దు, వెన్ను విరుగుతుంది. కిటికీ వెలుతుర్లో పైనుంచి కెమెరాతో తీస్తే చాలు.

అమ్మకం మాట. బోన్‌ఫిస్ ప్రింట్లు వేలల్లో వేశారు, కాబట్టి విడి ప్రింటుకి మీరనుకున్నంత ధర ఉండదు. ఎవరు, ఎప్పుడు, ఏ ప్రయాణంలో కొన్నారో తెలిసిన పూర్తి ఆల్బమ్‌కే విలువ. విడగొట్టి అమ్మమనే డీలర్లని నమ్మొద్దు. నూరేళ్ళు దాటిన కళావస్తువుల్ని దేశం దాటించడానికి 1972 పురావస్తువుల చట్టం ఒప్పుకోదు, విదేశీ వేలం ఆలోచనుంటే ముందు పురావస్తు శాఖని అడగండి. నన్నడిగితే అమ్మొద్దంటాను, కానీ మీ ఇల్లు, మీ ఇష్టం.

ఒక్క పని చేసిపెట్టండి. తొమ్మిదో ఫొటో అట్ట కింది మూలలో పెన్సిల్‌తో ఏదో తెలుగు రాత ఉన్నట్టుంది, స్కాన్‌లో సగం తెగిపోయింది. ‘...గారికి చూపవలెను’ అన్నంత వరకే చదవగలుగుతున్నాను. పక్కనుంచి లైటు వేసి, దగ్గరగా ఒక ఫొటో తీసి పెడతారా?